పన్నెండు విజిళ్ళ పోర్క్

క్రిస్మస్ సెలవులకు హ్యూస్టన్ నుంచి దిగిన బామ్మర్ది "పుల్డ్ పోర్క్ చేద్దాం బావా, సౌతమెరికా స్టైల్లో" అన్నాడనుకోండి, కంగారు పడకండి. నేను వండాను. కింది చిట్కాలు తు.చ. తప్పకుండా పాటిస్తే, మా ఇంట్లో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది. హామీ.

మొదటి పని, కొట్టాయనతో వాదన. జబ్బ ముక్క తీసుకోమంటాడు. ససేమిరా అనండి. జబ్బలో కొవ్వుంటుంది, నరాలుంటాయి, చూడ్డానికి బాగోదు. వీపు ముక్కే కావాలని, దానిమీది కాస్త కొవ్వునూ చెక్కేయమని పట్టుబట్టండి. నేను అడిగితే ఆయన కత్తి మొద్దు మీద పెట్టి, ఒకసారి నా మొహంలోకి చూసి, "గీ కొవ్వంతా తీస్తే ఏముంటది సార్, చేంతాడు ఉంటది" అన్నాడు. వ్యాపారస్తుడి మాట నమ్మకూడదు.

సౌత్ లాలాగూడలో పోర్క్ విందాలూ వండే ఆంగ్లో ఇండియన్ ఆంటీలను కూడా అడక్కండి. ముందు రాత్రే వెనిగర్‌లో నానబెట్టమంటారు. పైగా వండిన రోజు కన్నా మర్నాడు బాగుంటుందంటారు. మర్నాటి దాకా ఆగే ఇంట్లో బామ్మర్దులు ఉండరు కాబోలు.

ఇక రుచులు. దక్షిణ అమెరికా దూరం కాబట్టి దాని రుచులు కూడా దూరం నుంచే రావాలి. సూపర్ మార్కెట్లో టోపీ, మీసాల మనిషి బొమ్మ ఉన్న సాస్ సీసా కొనండి. ఆయనది మెక్సికో, అది ఉత్తర అమెరికాలో ఉంది కదా అని పిల్లలు అంటే, హోంవర్క్ చేసుకోమనండి. మోండా మార్కెట్‌కు మాత్రం పోవద్దు. అక్కడి మిరపకాయ, టమాటా, ఆలుగడ్డ, పల్లీ నాలుగూ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవేనని తెలిస్తే సీసా కొనబుద్ధి కాదు. పులుపుకు ఆ దేశాల్లో పిండే పుల్ల నారింజ జోలికీ వెళ్ళకండి. స్పానిష్‌లో దాని పేరు నరాంహా. సంస్కృతంలోని నారంగమే పర్షియా, అరబ్బు దేశాల మీదుగా స్పెయిన్ చేరి అలా అయింది. మన పెరటి చెట్టుకు అంత చరిత్ర ఉంటే చులకనగా చూడ్డం కష్టం. ఎర్రరంగుకు వెనెజులావాళ్ళు ఒనోతో, బ్రెజిల్‌వాళ్ళు ఉరుకుం అని వాడేది ఉత్తరాంధ్ర మన్యంలో పండే జాఫ్రా గింజే. నేను దాని బదులు మిఠాయి రంగు కలిపాను. బామ్మర్ది వేళ్ళు విమానం ఎక్కేదాకా ఎర్రగానే ఉన్నాయి.

అసలు ఘట్టం మంట. కండల్ని పట్టి ఉంచే కొల్లాజెన్ 70 డిగ్రీలు దాటాక గానీ సరిగ్గా కరగడం మొదలుపెట్టదట. అందుకని ఓవెన్‌ను 120 దగ్గర ఉంచి, ముక్క లోపల 95 వచ్చేదాకా, ఆరేడు గంటలు దాని మానాన దాన్ని వదిలేయాలట. వదలకండి. పది నిమిషాలకోసారి తలుపు తీసి చూడండి. నడుమ 68 దగ్గరో ఎక్కడో థర్మామీటర్ మొరాయిస్తుంది, గంటయినా కదలదు. పైనున్న తేమ ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది, ఎండాకాలం కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే. ఫాయిల్ చుట్టి ఊరుకుంటే మళ్ళీ కదులుతుంది. మీరు మాత్రం ఓవెన్ పాడైందని తేల్చేసి, ముక్కను లాగి కుక్కర్లో పడేయండి.

నిజానికి జబ్బ ముక్కయితే కుక్కర్లోనూ గంట, గంటన్నరకు విచ్చుకుంటుంది. నాది వీపు ముక్క. కరగడానికి అందులో ఏమీ లేదు. అయిదో విజిల్‌కు గట్టిగా ఉంది. పన్నెండో విజిల్‌కు ఇంకా గట్టిపడింది. చెరో ఫోర్కు గుచ్చి అటు బామ్మర్ది, ఇటు నేను లాగాం. ఫోర్కు వంగింది. కొట్టాయన చెప్పిన చేంతాడు అదే.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఆమ్లెట్లు తిన్నాం. సీసాలో సాస్ ముప్పాతిక మిగిలింది. వారాసిగూడ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే గిన్నె తెచ్చుకోండి.