సీనియర్ మహిళ కావలెను

నర్మెట్టకు ఫ్యాక్టరీ వచ్చిందట గదా అని హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు ఫోన్లు చేస్తుంటారు. వచ్చింది, పామాయిల్ ఫ్యాక్టరీ. కాకపోతే అది సిద్దిపేట జిల్లా నంగునూరు మండలం నర్మెట్ట. మాది జనగామ జిల్లా నర్మెట్ట. పేరు రెండూళ్లకూ పంచి, పొగగొట్టం ఒక ఊరికే ఇచ్చారు. మా వాటాకు పత్తి చేలు, చెలకలు, 2016లో ఒక కొత్త జిల్లా వచ్చాయి. ఫ్యాక్టరీ ఏ జిల్లాలో ఉందో వివరంగా చెప్పాక చుట్టాలు "అయ్యో" అని ఫోన్ పెట్టేస్తారు.

కాబట్టి మా ఆడబిడ్డలు కొలువు కావాలంటే బస్సెక్కాలి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు గనుక ఉద్యోగ పర్వంలో మొదటి ఘట్టం ఉచితంగానే జరిగిపోతుంది. జనగామలో జిన్నింగ్ మిల్లులున్నాయి. రైలెక్కితే చర్లపల్లి, ఉప్పల్ పారిశ్రామికవాడలు. ఇటు వరంగల్ దాటిపోతే గీసుగొండ, సంగెం మండలాల్లో 2017 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు. ఓరుగల్లు ఆజంజాహీ మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడ్డాక బట్టల మిల్లు అనేది మా దిక్కు పెద్దమనుషుల ముచ్చట్లలోనే నడిచేది. ఇప్పుడు మళ్లీ ఆశ పుట్టింది. కుట్టుమిషన్ ముందు కూచునేది ఎక్కువగా ఆడవాళ్లే గనుక ఈ ఆశకు పోస్టర్లు కూడా ఆడవాళ్ల బొమ్మలతోనే వేస్తున్నారు.

పోస్టర్ ఏ కంపెనీదని అడగకండి. అన్నీ ఒకే ప్రెస్సులో అచ్చయినట్టుంటాయి. నీలిరంగు చొక్కా, నెత్తిన టోపీ, నవ్వుతున్న ఒక అమ్మాయి. కింద, "మహిళలకు ప్రాధాన్యం. ఎదగడానికి అవకాశాలు. కుటుంబం లాంటి వాతావరణం." ఈ చివరి ముక్క ఎవరు రాశారో గానీ పాపం నిజాయితీపరుడు. మా ఊళ్లలో కుటుంబంలో ఆడమనిషి ఎంత పని చేస్తుందో, ఎప్పుడు తింటుందో, జీతమెంతో అందరికీ తెలిసిందే.

ఇంటర్వ్యూ కూడా కుటుంబం లాగానే జరుగుతుంది. పెండ్లిచూపులకు దీనికి తేడా ఒక్కటే, ఇక్కడ మిక్చర్ పెట్టరు.

"పెండ్లి అయిందా అమ్మా?"

"కాలే సార్."

"ఇగ ఇయ్యాల్నో రేపో అయితది. కష్టం."

రెండో అమ్మాయి వస్తుంది. "అయింది సార్." "అట్లయితే పిల్లలైతరు. కష్టం." మూడో ఆమె కొంచెం తెలివిగా, "ఇద్దరున్నరు సార్, ఆపరేషన్ గూడ అయింది" అంటుంది. "అట్లయితే వాళ్లకు జరాలొస్తయి గదా!" నాలుగో ఆమెకు పిల్లలు పెద్దోళ్లయిపోయారు. సారు ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, "సూదిల దారం ఎక్కిస్తవా? చూపు ఆనుతదా?" అని అడుగుతాడు. ఆడమనిషి ఏ వయసులో ఫ్యాక్టరీకి పనికొస్తుందో ఆయన లెక్క ప్రకారం తేల్చితే, పుట్టినప్పటి నుంచి పెళ్లిమాట వచ్చేలోపు. ఆ వయసులో పనికి పెట్టుకుంటే బాలకార్మిక చట్టం ఒప్పుకోదు.

ఇదంతా పల్లెటూరి మొరటుతనం అనుకుంటే పొరపాటు. తమిళనాడు శ్రీపెరంబుదూరులో ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ ప్లాంటులో పెళ్లయిన ఆడవాళ్లను ఆ పనిలోకి తీసుకోకుండా పక్కన పెడుతున్నారని 2024 జూన్‌లో రాయిటర్స్ రాసింది. ఇంటి బాధ్యతలు, కాన్పులు, చివరికి ఒంటిమీది నగల దాకా కారణాలు చెప్పారట. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. దేశంలో ఫ్యాక్టరీల్లో పనిచేసే మొత్తం ఆడవాళ్లలో నూటికి సుమారు 43 మంది తమిళనాడులోనే ఉన్నారని 2019-20 పరిశ్రమల వార్షిక సర్వే లెక్క. అంటే ఆడవాళ్ల ఫ్యాక్టరీ పనికి పుట్టిల్లులాంటి రాష్ట్రంలోనే మెట్టెల గొడవ వచ్చింది.

మాకు పాలకుర్తి ఎంతో దూరం కాదు. విసునూరు దొర మనుషులు పంట కోసుకుపోవడానికి వస్తే ఎదురు నిలబడ్డ చాకలి ఐలమ్మది ఆ ఊరే. ఆమె ఈరోజు దరఖాస్తు పట్టుకుని వస్తే ఫారంలో ఏం రాస్తారా అని నాకో సరదా. "జట్టులో కలవదు. గతంలో యాజమాన్యంతో భూమి తగాదా. కింది సిబ్బందిని రెచ్చగొట్టే అలవాటు. తిరస్కరించడమైనది." కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టుకోవడం తేలికే, పనిలో పెట్టుకోవడమే కష్టం.

సరే, ఎట్లాగో కొలువు దొరికింది. మొదటి రోజు ఒక హాల్లో కూచోబెట్టి కంపెనీ ఆడవాళ్లకు ఎంత అండగా ఉంటుందో తెర మీద చూపిస్తారు. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లు (చప్పట్లు). తాగడానికి నీళ్లు (చప్పట్లు). పిల్లలను పడుకోబెట్టడానికి గది (గట్టిగా చప్పట్లు). కాన్పుకు సెలవు (సారు కళ్లు చెమర్చాయి). వేదిక మీదున్నాయన దానకర్ణుడిలా చేతులు చాపి చెప్తుంటే అడ్డుపడటం మర్యాద కాదు గానీ, అక్కడ చూపించినవన్నీ ప్రభుత్వం ఏనాడో రాసిపెట్టిన బాకీలు. మరుగుదొడ్లు, నీళ్లు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉన్నాయి. ముప్పై మందికి మించి ఆడవాళ్లుంటే ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని అదే చట్టం 48వ సెక్షన్ చెప్పింది. ముప్పై అన్న లెక్క తర్వాతి సవరణలో వచ్చింది గానీ, గది మాట మాత్రం గాంధీజీ పోయిన ఏడాది నాటిదే. కాన్పు సెలవు చట్టం 1961లో వచ్చింది, 2017లో దాన్ని మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. కిరాణా కొట్టు సేటు, మనం ఇచ్చిన వందకు రావాల్సిన చిల్లర తిరిగిస్తూ "మీమీద ప్రేమతో ఇస్తున్నా" అంటే ఎట్లుంటుంది? ఆ హాల్లో మాత్రం చప్పట్లు కొడతారు.

ఫ్యాక్టరీల చట్టంలోని పిల్లల గది లెక్క ఇప్పుడు మారింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు మొత్తం పనివాళ్లు యాభై దాటితే గది ఉండాలి. ఆడవాళ్లను మాత్రమే లెక్కబెట్టే పద్ధతి పోవడం మంచిదే, పిల్లలకు తండ్రి కూడా ఉంటాడని ఫ్యాక్టరీల చట్టం రాసేవాళ్లకు ఇన్నేళ్లకు గుర్తొచ్చింది. గది మాత్రం చాలా చోట్ల గదిలాగే ఉంటుంది. తాళంచెవి సెక్యూరిటీ దగ్గర, లోపల అట్టపెట్టెలు, గోడ మీద ఏనుగు బొమ్మ. తనిఖీకి వచ్చిన అధికారి ఏనుగును చూసి సంతకం పెడతాడు.

రాత్రి షిఫ్టు సంగతి ఇంకా రసవత్తరం. సాయంత్రం ఏడు తర్వాత, పొద్దున ఆరుకు ముందు ఆడవాళ్లు ఫ్యాక్టరీలో ఉండకూడదని పాత చట్టం. అది సమానత్వానికి విరుద్ధమని 2000లో మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా అన్నాయి. ఇప్పుడు కొత్త కోడ్ ప్రకారం ఆమె ఒప్పుకుంటే, భద్రత చూపిస్తే, రాత్రి కూడా చేయొచ్చు. ఒప్పుకోలు అన్నది ఇక్కడ కీలకం. ఆ కాగితం ఉద్యోగపు కాగితాలతో కలిపి, పదకొండో పేజీలో, ఇంగ్లిష్‌లో ఉంటుంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో గుణకారం గుర్తు. ఆమె పెడుతుంది. సంఘం లోన్ కాగితాల మీద ఇంతకంటే ఎక్కువ చోట్ల పెట్టిన చెయ్యి అది.

సంఘం అన్నాను గనుక ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఎదుగుదల గురించి కంపెనీ సార్లు చెప్పే మాటలకు మా ఊళ్లో ఎవరూ నోరెళ్లబెట్టరు. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు లక్షల రూపాయల బ్యాంకు లోన్లు తెచ్చి, పంచి, వసూలు చేసి, కిస్తీ తప్పకుండా కడతారు. సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టేది వాళ్లే, 2024లో జతకు కుట్టుకూలి 50 రూపాయల నుంచి 75 చేశారు. రాష్ట్రంలో మండల మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకు కూడా ఇస్తున్నాయి. మొదటి విడత బస్సులకు 2025 మార్చి 8న ముఖ్యమంత్రి జెండా ఊపారు, బస్సుకు నెల అద్దె 77 వేల పైచిలుకు. ఆలోచించండి. ఒకామె సమాఖ్య సభ్యురాలిగా బస్సుకు ఓనరు. అదే బస్సెక్కి ఫ్యాక్టరీకి పోయాక బాత్‌రూమ్‌కు పోవాలంటే మెడలో టోకెన్ వేసుకుని, పక్కమనిషి వచ్చేదాకా ఆగాలి. లక్షల పుస్తకం రాసే మనిషికి లైన్‌లో గంటకు ఎన్ని పీసులు పడ్డాయో రాయడం రాదని, దానికి పాలిటెక్నిక్ చదివిన పిలగాణ్ని పెడతారు. ఆ పిలగానికి మొదటి నెల పని నేర్పేది ఈమే. రెండో నెల నుంచి ఆయన ఈమెను "త్వరత్వరగా" అంటాడు.

ఆడవాళ్లు పైకి ఎందుకు పోరన్నదానికి ఒక యాంత్రిక కారణం ఉంది, దాన్ని ఎవరూ తెర మీద చూపించరు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అయ్యే దారి ఎక్కువగా మెకానిక్ గదిలోంచి పోతుంది. మిషన్ విప్పి బిగించడం తెలిసినవాడు లైన్ మీద పెత్తనానికి అర్హుడు. పాత చట్టం 22వ సెక్షన్‌లో, కదులుతున్న యంత్ర భాగాలను ఆడవాళ్లు తుడవరాదు, నూనె వేయరాదు, సర్దరాదు అని ఉండేది. చీర కొంగు చిక్కుకుంటుందన్న భయం, మంచి ఉద్దేశమే. పత్తి ప్రెస్సింగ్ ఫ్యాక్టరీలో పత్తి విప్పే యంత్రం నడిచేచోట ఆడవాళ్లను పెట్టరాదని 27వ సెక్షన్ అనేది. పత్తి దుమ్ము మాట మాత్రం ఆ సెక్షన్‌లో లేదు, అది మగా ఆడా చూడకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సరే, "కదులుతున్నప్పుడు" అని చట్టం అంటే, "ఎప్పుడూ" అని సార్లు చదివారు. స్పానర్ ఆమె చేతికి రాలేదు. స్పానర్ రాలేదు గనుక మెకానిక్ కాలేదు, మెకానిక్ కాలేదు గనుక సూపర్‌వైజర్ కాలేదు. సూపర్‌వైజర్లలో ఆడవాళ్లు ఎందుకు లేరని అడిగితే, "వాళ్లకే ఆసక్తి లేదండీ" అని జవాబు. టార్గెట్ ఒకటే ఏటా ఎదుగుతుంది. గంటకు అరవై పీసులు, డెబ్బై, ఎనభై. ఆ విధంగా ఆమెకు ఎదుగుదల ఇచ్చినట్టే గదా!

ఇక అసలు కథ. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పదిమందీ అంతకు మించీ ఉన్న ప్రతి పనిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు అక్కడే సీనియర్ హోదాలో పనిచేసే మహిళ కావాలి. పదోన్నతుల గురించి ఒక్క మాట అనని ఈ చట్టం, నా లెక్కలో, పదోన్నతుల మీద వచ్చిన అతి గడుసు చట్టం. ఊహకు నాలుగు వందల మంది ఆడవాళ్లున్న ఒక ఫ్యాక్టరీని అనుకోండి. రేపు తనిఖీ. హెచ్చార్ సారు సీనియర్ మహిళ కోసం వెతుకులాట మొదలుపెట్టాడు. కటింగ్ సెక్షన్‌లో లేదు. స్టోర్స్‌లో లేదు. క్యాంటీన్‌లో ఉంది గానీ ఆమె కాంట్రాక్టరు మనిషి.

"మన జీఎం సారు మేడం?" అన్నాడు ప్రొడక్షన్ సారు.

"ఆమె ఇక్కడ ఉద్యోగి కాదు సార్."

"రిసెప్షన్‌ల కూచునే అమ్మాయి? ఇంగ్లిష్ వస్తది."

"మొన్ననే చేరింది సార్. హెడ్డాఫీసు నుంచి ఎవరినన్నా పంపమని అడగొచ్చు, చట్టం ఒప్పుకుంటది. అడిగిన. వాళ్లు మన దగ్గరినుంచి ఎవరన్నా ఉంటే పంపమన్నరు."

చివరికి లైన్‌లో పద్నాలుగేళ్లుగా కాలర్లు కుడుతున్న అక్క పేరు వచ్చింది. సర్వీసు చూస్తే ఆమెకంటే సీనియర్ ఎవరూ లేరు. హోదా మాత్రం ఆపరేటర్. "సీనియర్ అని రాస్తే పాయె గదా?" "రాస్తే గ్రేడ్ మారుతది సార్, బేసిక్ పెరుగుతది, పాత బాకీ అడుగుతది." ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. ఆ తర్వాత, కమిటీ బోర్డు మీద మాత్రం సీనియర్, హాజరు పట్టీలో ఆపరేటర్ అని తీర్మానమైంది. బోర్డు గేటు పక్కన పెట్టారు. అక్క పేరు ఎర్రరంగులో, తప్పు స్పెల్లింగుతో. బోర్డు రాసినవాడి బిల్లు ఆమె రోజుకూలి కంటే ఎక్కువైంది. కమిటీ మీటింగ్ పెడితే లైన్ ఆగుతుంది గనుక మీటింగు పుస్తకం నెలనెలా హెచ్చార్ సారే రాస్తున్నాడు. ఫిర్యాదులు లేవు.

అక్కకు ఈ పదవి సంగతి తెలిసింది మహిళా దినోత్సవం నాడు, ఆ బోర్డు కింద ముగ్గు వేస్తున్నప్పుడు. 1917లో అదే తేదీన పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కావాలని పని ఆపి రోడ్డెక్కితే, వారం తిరిగేసరికి జార్ చక్రవర్తి గద్దె దిగాడు. అంత చరిత్ర ఉన్న రోజు గనుక మన ఫ్యాక్టరీలో ముగ్గుల పోటీ పెట్టారు. అంశం స్త్రీశక్తి. న్యాయనిర్ణేతలు ముగ్గురు, ముగ్గురూ సార్లే. ప్రతి ఒక్కరికీ ఒక గులాబీ, ఒక సమోసా. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కర్. ఎదుగుదలకు ఇంతకంటే పెద్ద ప్రోత్సాహం ఏముంటుందని జీఎం సారు ప్రసంగం. అక్కకు మొదటి బహుమతే వచ్చింది. ఫోటో అయ్యాక ప్రొడక్షన్ సారు మైకు తీసుకుని, పోటీకి పోయిన నలభై నిమిషాలు సాయంత్రం కూచుని పూర్తి చేయాలని, దానికి ఓటీ ఉండదని ప్రకటించాడు.

అక్క కుక్కర్ చంకన పెట్టుకుని బోర్డు దిక్కు చేయి చూపించింది.

"సార్, నేను సీనియర్‌నట గదా. ఓటీ లేదని చెప్పే ముందల నా సంతకం వద్దా?"

"అది గా కమిటీకే అక్కా, దీనికి గాదు."

"అయితే గా కమిటీ పుస్తకం ఇటియ్యండి," అంది అక్క. "నెలనెలా నా పేరు మీద ఏం రాస్తున్నరో ఒకపారి జూస్త."

పుస్తకం బీరువాలో ఉంది, తాళంచెవి సెక్యూరిటీ దగ్గర ఉంది, సెక్యూరిటీ సమోసాల దగ్గర ఉన్నాడు. అక్క మిగతా లైన్ వాళ్లను పిలిచి, వాడొచ్చేదాకా అందరం ఇక్కడనే కూచుందాం అంది.