సర్దుకుపోదురూ!

మన అపార్ట్‌మెంట్లలో పక్కింటి గోల సమస్య పోలీసుల ప్రమేయం లేకుండానే చక్కగా పరిష్కారమైపోతూ ఉంటుంది. ఎవరికి నిద్ర పట్టడం లేదో వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తారు. పై ఫ్లాటువాళ్ళు యథాప్రకారం అర్ధరాత్రి మంచాలు జరుపుకుంటూ ఉంటారు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు వార్షిక సమావేశంలో లేచి, "మన కాంప్లెక్సులో ఇంతవరకూ ఒక్క పోలీసు కేసు లేదండీ, అందరం ఒకే కుటుంబం" అని ప్రకటిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు కొట్టరు, వాళ్ళు సభలో ఉండరు కదా.

పోలీసుల్ని పిలవొద్దన్న మాటతో నాకు పేచీ లేదు. రాత్రి పదకొండింటికి 100కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, పాట ఆగుతుంది, బండి సందు మలుపు తిరగ్గానే పల్లవి మళ్ళీ మొదలవుతుంది. మర్నాటి నుంచి ఆ ఇద్దరూ లిఫ్టులో ఒకరి మొహం ఒకరు చూడలేక అంతస్తుల నంబర్ల వంక చూస్తూ నిలబడాలి. ఒకే సెల్లార్‌లో బళ్ళు పెట్టుకునేవాళ్ళకి ఖాకీ చొక్కా ఆఖరి మందే. నా పేచీ అల్లా, పోలీసుల్ని పక్కన పెట్టాక మనం జపిస్తున్న మహామంత్రంతో: "సర్దుకుపోదురూ!"

ఈ మంత్రం చప్పుడు చేసేవాడికి ఎవరూ ఉపదేశించరు. వినేవాడికే ఉపదేశం. పిల్లలన్నాక గెంతరా? పెళ్ళన్నాక పాటలుండవా? ఇల్లన్నాక డ్రిల్లింగ్ ఉండదా? అన్నీ నిజమే. మనిషన్నాక నిద్రపోడా అని మాత్రం ఒక్కరూ అడగరు. ఉపదేశించే పెద్దమనిషి ఫ్లాటు ఎప్పుడూ బ్లాకుకి ఆ చివర, పై అంతస్తులో ఉంటుంది. ఆయన నెత్తిన వాటర్ ట్యాంకు తప్ప ఏ సంసారమూ ఉండదు. ఓర్పు గురించి మాట్లాడే అర్హత ఆయనకి బిల్డరే ప్లానులో రాసిచ్చాడు.

మంత్రం తర్వాత తంత్రం, అంటే వాట్సాప్ గ్రూపు. 302 వారి సౌండు బాక్సు అదురుతుంటే 202 వారు గ్రూపులో ఇలా రాస్తారు: "జెంటిల్ రిమైండర్. దయచేసి అందరూ రాత్రివేళ నిశ్శబ్దం పాటించగలరు." కింద రెండు దణ్ణం బొమ్మలు. ఎవరు, ఎప్పుడు, ఏం చప్పుడు అన్నది ఎక్కడా ఉండదు. అందువల్ల ఏ పాపం ఎరగని ముప్ఫై ఇళ్ళవాళ్ళు భుజాలు తడుముకుని, కుక్కర్ కూత గురించా అని కంగారు పడతారు. మొట్టమొదట బొటనవేలు బొమ్మ పెట్టి ఆమోదించేది 302 వారే. పెట్టేసి, సౌండు ఒక గీత పెంచుతారు.

గ్రూపు విఫలమయ్యాక దౌత్యం మొదలవుతుంది. మన దౌత్యవేత్త వాచ్‌మన్. మెట్ల కింది గదిలో, నీళ్ళ మోటారు పక్కనే ఆయన కాపురం. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆ మోటారు ఆయన తల దగ్గరే మోగుతుంది, ఆయన నిద్ర గురించి ఏ గ్రూపులోనూ జెంటిల్ రిమైండర్ వచ్చిన దాఖలా లేదు. అలాంటి మనిషిని రాత్రి పదకొండున్నరకి లేపి, "పైకెళ్ళి కాస్త సౌండు తగ్గించమని చెప్పు, నేను చెప్పానని మాత్రం చెప్పకు" అంటాం. ఆయన పైకెళ్ళి తలుపు కొడతాడు. "సార్, కాస్త సౌండు..." "ఎవరు చెప్పమన్నార్రా?" "ఎవరూ లేదు సార్." "అయితే నీకే వచ్చిందా కష్టం?" ఆ తిట్లేవో తిని కిందికి దిగి, "చెప్పాను సార్" అంటాడు. పంపిన సారుకి ధర్మం నెరవేర్చిన తృప్తి, తిట్టిన సారుకి గెలిచిన తృప్తి. నెల తిరిగితే ఇద్దరూ మెయింటెనెన్స్ కడతారు, అందులోంచే ఆయన జీతం. మన కాంప్లెక్సు శాంతికి అసలు రహస్యం ఇదే: ఇద్దరు యజమానులు మొహాలు చూసుకోకుండా తిట్టుకోవడానికి ఒక పేదవాణ్ణి నెలజీతానికి పెట్టుకున్నాం.

ఆత్మగౌరవం ఉన్నవాళ్ళు దౌత్యానికి ఒప్పుకోరు. వాళ్ళది చీపురు మార్గం. బూజు కర్రతో సీలింగు మీద నాలుగు పోట్లు పొడుస్తారు. పైవాళ్ళకి అది వినపడేది అనుమానమే గాని, సున్నం పెచ్చులు మాత్రం సొంత మంచం మీదే రాలతాయి. చైనాలోనైతే సీలింగుకి ఆనించి పై ఇంటిని దడదడలాడించే యంత్రాలే ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆ సంగతి మన కాంప్లెక్సుల్లో ఎవరికీ చెప్పకండి, పండగ ఆఫర్లో రెండేసి కొంటారు.

ఇంతకీ పొడిచే ముందు ఒక్కమాట. గాలిలో వచ్చే చప్పుడు వేరు, కాంక్రీటులో వచ్చే చప్పుడు వేరు. మాటలు, టీవీ ఎక్కువగా గాలిలో వస్తాయి. తలుపులూ కిటికీలూ వేసుకుంటే చాలావరకు తగ్గుతాయి. కుర్చీ ఈడ్చినా, రోకలి పడినా, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తినా ఆ దెబ్బ నేరుగా స్లాబులోకి దిగి, గోడలూ పిల్లర్ల వెంట పాకి, సంబంధం లేని గదుల్లో మోగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత తప్పకుండా కింది ఫ్లాటులోనే పుట్టి ఉంటుంది. అందుకే చాలాసార్లు దోషి ఒకడు, మనం మూణ్ణెల్లుగా మొహం ముడుచుకుంటున్నది ఇంకొకడి మీద. కింది ఇంట్లో ఫాల్స్ సీలింగు వేయించుకుంటే పోతుందని నమ్మబలికే ఇంటీరియర్ వారికి దూరం నుంచే నమస్కారం. ఇలాంటి దెబ్బలకి మందు పైనే వెయ్యాలి: ట్రెడ్‌మిల్ కింద మందపాటి రబ్బరు చాప, రోలు కింద మడత పెట్టిన గోనెసంచి. ఈ వైద్యానికయ్యే ఖర్చు, ప్రెసిడెంటు గారు "అందరం ఒకే కుటుంబం" అన్న రోజు తెప్పించిన సమోసాల ఖర్చులో పదో వంతు ఉండదు.

చట్టం సంగతి తెలియకనా అంటే, అదీ కాదు. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి హద్దు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పదింటి నుంచి పొద్దున్న ఆరింటిదాకా. సొంత ఇంట్లో సౌండు సిస్టమ్ పెట్టుకున్నా, ఆ ఇంటి సరిహద్దు దగ్గర చప్పుడు ఈ హద్దుకి 5 డెసిబెల్స్ మించి పోకూడదు. పండుగలకీ ఉత్సవాలకీ మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి 12 దాకా మైకులకు సడలింపు ఇవ్వొచ్చు. మనవాళ్ళు దీన్ని ఫ్లాటుకి 15 రోజులని అర్థం చేసుకున్నట్టున్నారు. 60 ఫ్లాట్లకి 900 రాత్రులు. ఏడాదికున్నవి 365 మాత్రమే కాబట్టి పాపం, ఒకే రాత్రి రెండు మూడు ఇళ్ళలో కానిచ్చేయక తప్పడం లేదు. మొన్నటిదాకా పెళ్ళొక్కటే ఉండేది. ఇప్పుడు హల్దీ, మెహందీ, సంగీత్ కూడా మన సంప్రదాయంలోకి దిగబడ్డాయి, మూడింటికీ డీజే కావాలి.

ఫోన్లో డెసిబెల్ యాప్ దించుకుని, 62 చూపిస్తోందండీ అని సాక్ష్యంతో వచ్చే అమాయకులుంటారు. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు చప్పుడని కూడా చదువుకుని వస్తారు. కమిటీ శ్రద్ధగా విని అడిగే ప్రశ్న ఒకటే: "మీరు ఓనరా, టెనెంటా?" టెనెంటయితే 62 కూడా 45 కిందే లెక్క.

"చప్పుడుకి ఎవరైనా చస్తారటండీ?" అని నవ్వే పెద్దలకి ఒక్క విషయం గుర్తు చేస్తాను, ఇందులో హాస్యం లేదు. శబ్ద కాలుష్యం మీద సుప్రీంకోర్టు 2005 జులై 18న ఇచ్చిన తీర్పుకి మూలమైన పిటిషన్ వెనక ఒక పదమూడేళ్ళ పిల్ల ఉంది. ఆమె మీద అత్యాచారం జరుగుతుంటే పెట్టిన కేకలు చుట్టుపక్కల మైకు పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. అదే సాయంత్రం ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. మాట్లాడే హక్కు ఉందని చెప్పి ఇష్టం లేనివాడి చెవిలో మైకు పెట్టే హక్కు ఎవరికీ లేదని ఆ తీర్పు తేల్చింది. దేవుడి పేరు చెప్పినా మినహాయింపు లేదని అంతకుముందే, 2000లో, మద్రాసులోని ఒక కాలనీ కేసులో అదే కోర్టు చెప్పింది.

మరి స్టేషనూ వద్దు, సర్దుబాటూ వద్దంటే దారేది? ఉన్న దారులు మనకి నచ్చవు. 1987 చట్టం కింద జిల్లాల్లోనూ మండలాల్లోనూ న్యాయ సేవాధికార సంస్థలు పనిచేస్తున్నాయి. కేసు వెయ్యకముందే అక్కడ అర్జీ ఇస్తే ఇద్దరినీ కూర్చోబెడతారు, కోర్టు ఫీజు లేదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, పైన అప్పీలు కూడా ఉండదు. అయితే ఆ ఆఫీసు కోర్టు ఆవరణలో ఉంటుంది, ఎవరైనా చూస్తే పరువేం కావాలి? 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టం చేస్తూ వాడకట్టు తగాదాలకు ఏకంగా ఒక అధ్యాయమే రాసింది. ఇరుపక్షాలూ ముందే ఒప్పుకోవాలని మెలిక పెట్టింది. డీజే పెట్టినాయన వచ్చి సంతకం చెయ్యాలన్నమాట. ఆ సంతకం పెట్టేంత మర్యాదస్తుడైతే చట్టం దాకా ఎందుకు, తలుపు కొడితేనే తగ్గిస్తాడు.

తలుపు కొట్టడం! ఇన్ని మార్గాలు కనిపెట్టిన మన జాతి ఎందుకనో దీన్ని మాత్రం ఇంకా కనిపెట్టలేదు. రాత్రి కోపంతో కాదు, మర్నాడు సాయంత్రం చల్లబడ్డాక, వాచ్‌మన్‌ని పంపకుండా తనే వెళ్ళి, "అన్నయ్యగారూ, పదిన్నర తర్వాత మంచం జరుపుతుంటే మా నాన్నగారికి నిద్ర చెడుతోందండీ" అని ఒక్క వాక్యం చెప్పడం. పేరు, వేళ, వస్తువు మూడూ అందులో ఉంటాయి. పైవాళ్ళలో చాలామందికి తమ నేల ఇంకొకరి కప్పు అన్న సంగతి అప్పటిదాకా తట్టి ఉండదు. విని తగ్గించేవాళ్ళు తగ్గిస్తారు. మొండికేసేవాళ్ళ కోసం నియమాలున్నాయి, అర్జీలున్నాయి, చివరికి 100 ఉండనే ఉంది. ఏ ప్రయత్నమూ చెయ్యకుండా మూణ్ణెల్లు పళ్ళు కొరికి, ఆనక ఇల్లు ఖాళీ చేసి, దానికి సంస్కారమని పేరు పెట్టుకోవడాన్ని మాత్రం నేను పిరికితనమనే అంటాను.

కుర్చీ కాళ్ళకి తొడిగే రబ్బరు బుష్షులు మామూలు హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతాయి. ఇవాళే నాలుగు తెచ్చుకోండి, పైవాళ్ళకి ఇవ్వడానికి కాదు. మీ కిందా ఎవరో ఉంటున్నారు.