మా బావమరిది కోతమిషను

మా బావమరిది కోతమిషను కొన్నాడు. అది ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి మా బంధువుల పెరళ్ళలో ఏ చెట్టుకీ కంటిమీద కునుకు లేదు. ముందు వాళ్ళింటి మునగచెట్టుతో బోణీ చేశాడు. మునగచెట్టు సంగతి మీకు తెలుసు, కాస్త గట్టిగా చేరగిలబడితేనే విరుగుతుంది. దాన్ని హెల్మెట్ పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, పద్దెనిమిది అంగుళాల బ్లేడుతో కోశాడు. ఆ ఫొటో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే పెద్దవాళ్ళంతా దణ్ణం బొమ్మలు పంపించారు. దణ్ణం వాడికో, పోయిన చెట్టుకో ఎవరూ రాయలేదు. ఆ తరవాత వాణ్ణి బారసాలకి పిలిచినా, గృహప్రవేశానికి పిలిచినా, కాళ్ళు కడుక్కోకముందే పెరట్లోకి తొంగిచూసి, "ఈ కొమ్మ గోడమీదకి వంగుతోంది చూశావా బావా?" అనడం అలవాటైపోయింది.

మిషను కొన్నవాడికి దాని చరిత్ర చెప్పే హక్కు కూడా వస్తుంది కాబోలు. ఒకసారి అత్తగారింట్లో భోజనాల దగ్గర మొదలెట్టాడు. గొలుసు రంపం మొదట పుట్టింది చెట్లకోసం కాదట. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్‌లో జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అని ఇద్దరు డాక్టర్లు, కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల దగ్గర కోసి బిడ్డకి దారి చెయ్యడానికి, చేత్తో లాగే చిన్న గొలుసు రంపాన్ని తయారుచేశారట. ఇది నిజమే. కాకపోతే చెప్పిన వేళ మంచిది కాదు. ఎదుటి విస్తరి ముందు నెలలు నిండిన మా మేనకోడలు పులిహోర తింటోంది. మా అత్తగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "ఒరేయ్, నోరు మూసుకుని పెరుగన్నం తిను" అంది. అప్పటికి వాడు పాపం 1926లో జర్మనీలో ఆంద్రియాస్ స్టీల్ చేసిన కరెంటు రంపం దాకా వచ్చాడు. ఇద్దరు పట్టుకుంటేగాని లేవని ఆ రంపాన్ని విస్తరి పక్కనే దించేసి, పెరుగన్నం కలుపుకున్నాడు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాదీ ఆ చుట్టుపక్కల ఊరే. చింతచెట్టు గాలికి పడదని పెద్దలంటారు. మా ముత్తాతల నాటి చింతచెట్టు ఆ మాట వినలేదు. వేళ్ళు ఎప్పుడో పుచ్చిపోయి ఉన్నాయి, నేల నాని బురదైంది, తెల్లారేసరికి ప్రహరీగోడమీద తల పెట్టుకుని పడుకుంది. నేనెవరికీ ఫోన్ చెయ్యలేదు. చేద్దామన్నా సిగ్నల్ లేదు. అయినా ఇంకా కరెంటు రాకముందే బావమరిది దిగాడు. కారు డిక్కీలోంచి మిషను దించుతున్నప్పుడు వాడి మొహంలో, తుపాను బాధితుల్ని పరామర్శించడానికి వచ్చిన లక్షణం మచ్చుకైనా లేదు.

పడిన చెట్టు చుట్టూ ఊళ్ళో పనిలేనివాళ్ళు చేరడం మామూలే. పనున్నవాళ్ళు కూడా వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరుగారు, "వాల్టా చట్టమని 2002లో వచ్చింది. ఊరికే చెట్లు కొట్టకూడదు" అన్నారు.

"కొట్టింది మేం కాదు మాస్టారూ, తుపాను."

"అయితే తుపాను పేరుమీదే అర్జీ పెట్టించండి" అని అరుగుమీంచి ఎవరో అన్నారు.

మొదలునుంచి కొయ్యాలని ఒకరు, కొమ్మలు ముందు తియ్యాలని ఒకరు, అసలు ఇవాళ ఇనుమే ముట్టుకోకూడదని ఇంకొకరు. ఈ సలహాల జబ్బు మన ఊళ్ళదేనని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. 2013 ఫిబ్రవరిలో నార్వే ప్రభుత్వ టీవీ వాళ్ళు కట్టెల మీద ఏకధాటిగా పన్నెండు గంటల కార్యక్రమం వేశారు. కొయ్యడం, చీల్చడం, పేర్చడం గురించి కొన్ని గంటలు మాటలు, మిగతా రాత్రంతా పొయ్యిలో కట్టెలు కాలడం. యాభై లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో పది లక్షలకి దగ్గరగా జనం కాసేపైనా అది చూశారట. చూసి ఊరుకుంటే అది వేరే సంగతి. పేర్చిన కట్టెల బెరడు పైకి ఉందని సగం మంది, కిందికి ఉందని సగం మంది ఫిర్యాదు మెసేజీలు పంపారు. మా అరుగు బ్యాచికి ఆ టీవీ ఫోన్ నంబరు తెలియకపోవడం నార్వే చేసుకున్న పుణ్యం.

ఇంతమందిలో పనికొచ్చే మాట చెప్పింది ఒకే ఒక్కడు. కట్టెలు కొట్టే తాత. ఊరంతా ఆయన్ని తాత అనే అంటారు. గొడ్డలి భుజాన వేసుకుని దూరంగా నిలబడి, "ఆ దుంగకి రెండు కొసలూ ఆని ఉన్నయ్యి, నడుమ నేల తగల్లేదు. పైనుంచి కోసుకుంటా పోతే నోరు మూసుకుంటది బాబూ. పైన కొంచెం కోసి, తక్కింది కిందినుంచి కొయ్" అన్నాడు. మెల్లగా చెప్పేవాడి మాట ఎవరికి వినబడుతుంది? అదీగాక అప్పటికే బావమరిది చెవులకి డొప్పలు పెట్టుకున్నాడు.

లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీలీటర్ల ఆయిలు. పాత స్కూటర్లు నడిపినవాళ్ళకి ఆ వాసన తెలుసు. తాడు లాగాడు. మిషను దగ్గింది. మళ్ళీ లాగాడు. హెడ్మాస్టరుగారు చోక్ గురించి సలహా చెప్పబోయేలోపు అంటుకుంది. ఆ గోలకి వీధి కుక్కలు చెరువుగట్టు దాటాయి గాని, మనుషులు మాత్రం ఇంకో రెండడుగులు ముందుకొచ్చారు. అందరూ లుంగీల్లోనే. జరగమంటే జరగరు. చివరికి వాడు మిషనుని ఆపి, బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలిందంటే మిషను ఒక్క ఎగురు ఎగిరి కోసేవాడి మొహం మీదకే వస్తుందని, అందుకే పిడి ముందర ఈ అడ్డబ్రేకు పెట్టారని వివరించాడు. బ్రేకు గురించి ఎవరూ వినలేదు. ఎగురుతుందన్న మాట వినబడ్డాక మాత్రం జనం గేటు దాకా వెనక్కి వెళ్ళారు.

కోత మొదలైంది. ఒప్పుకోవాలి, చూడముచ్చటగానే ఉంది. గొడ్డలితో కొడితే చెమటలు కక్కించే దుంగలోకి బ్లేడు ఇట్టే దిగిపోతోంది. తెల్లటి పేళ్ళు వాడి బూట్లమీద కుప్పపడుతున్నాయి. తాత చెప్పినట్టే నడుమ దుంగ నోరు మూసుకుని బ్లేడుని కరిచిపట్టుకుంది. గునపంతో ఎత్తి విడిపించాం. ఆ తరవాతి కోతలో, మొదలుకి రెండు మూరల ఎగువన, నిప్పురవ్వలు లేచాయి. కీచుమని శబ్దం. పేళ్ళు పడేచోట మెత్తటి పొడి రాలడం మొదలైంది.

కోసిన ముక్కని దొర్లించి చూశాం. బెరడుకి జానెడు లోపల, నల్లటి చేవ అంచున, రూపాయి బిళ్ళంత మరక. దాని నడిమధ్యన అడ్డంగా తెగిన నాటు మేకు తళతళలాడుతోంది. మేకు కొట్టిన గాయాన్ని చెట్టు ఏళ్ళ తరబడి కప్పుకుంటూ వచ్చి, పైన ఆనవాలు లేకుండా చేసేసింది.

గేటు దగ్గర గుసగుసలు. చింతచెట్టుకి మేకు కొట్టి దయ్యాన్ని బంధించడం మా వైపు పాత పద్ధతి. మేకు తెగింది కాబట్టి ఎవరో విడుదలయ్యారు. ఎవరన్నది ప్రశ్న. మా పెద్దమ్మ ఎనభై దాటిన మనిషి, కుర్చీ వేయించుకుని మరీ చూస్తోంది. "మా అత్తగారే అయ్యుంటుంది" అంది.

పెదనాన్న ఒక్క క్షణం ఆలోచించి, "మా అమ్మా? మేకుకి ఆగే మనిషా ఆవిడ?" అన్నాడు. ఆ మాటతో విచారణ ముగిసింది.

దయ్యం సంగతి ఎలా ఉన్నా గొలుసు పళ్ళు మొద్దుబారాయి. వాడైన గొలుసు పేళ్ళు రాలుస్తుంది, మొద్దుబారింది పొడి రాలుస్తుంది. తేడా కిందకి చూస్తే తెలిసిపోతుంది. బావమరిది అరుగుమీద కూర్చుని, సన్నటి గుండ్రని ఆకురాయితో ఒక్కో పన్నునీ ముప్ఫై డిగ్రీల వాటంలో రాయడం మొదలెట్టాడు. ఒకటి ఎడమకి తిరిగి ఉంటుంది, తరవాతిది కుడికి. ముందు ఒక వైపువన్నీ, తరవాత రెండో వైపువన్నీ. చేతులు ఖాళీ లేకపోయినా నోరు ఖాళీయేగా. ఈ పన్ను ఆకారం వెనక ఒక పురుగుంది అన్నాడు. 1946లో అమెరికాలో జో కాక్స్ అనే చెట్లు కోసే ఆయన, మొద్దులో పురుగు అడ్డంగానూ నిలువుగానూ ఒకే తీరున కొరుక్కుంటూ పోవడం గమనించి, దాని దవడల్ని చూసి ఈ కొక్కెం పన్ను తయారుచేశాడట. అంతకుముందు గొలుసులకి మామూలు రంపపు పళ్ళే ఉండేవి. మా చెట్టు వేళ్ళు పుచ్చింది కూడా పురుగువల్లేనని గుర్తొచ్చి, పురుగు మొదలెట్టిన పని పురుగు విద్యతోనే పూర్తవుతోందని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు. టీలొచ్చాయి.

సాయంత్రానికి చెట్టంతా మూరెడు, మూరెడున్నర మొద్దులైంది. ఫొటోలు అయ్యాయి. జనం ఇళ్ళకి వెళ్ళారు. మొద్దుల్ని పొయ్యిలో పెట్టలేరు కదా, చీల్చాలి కదా అన్న సంగతి అప్పుడు పైకొచ్చింది. మిషనుకి చేతకానిది సరిగ్గా ఇదే. అడ్డంగా కోసేటప్పుడున్న జోరు నిలువుగా పెడితే ఉండదు. నార వెంబడి పడేసరికి ఆపసోపాలు పడుతుంది, పెట్రోలు తాగుతుంది. నన్నడిగితే, కోతమిషను కట్టెల పనిలో ఫొటోకి దిగే సగాన్ని తను తీసుకుని, నడుములు విరిగే సగాన్ని మనకొదిలేసింది.

మర్నాడు తాత వచ్చాడు. బావమరిది కూడా కొత్త గొడ్డలితో దిగాడు. మొద్దు నట్టనడుమ బలంకొద్దీ ఒక్కటి వేశాడు. గొడ్డలి దిగబడింది, మొద్దు ఉలకలేదు. మొద్దుతో సహా గొడ్డలిని ఎత్తి నేలకి మోదడంతోనే వాడి పొద్దంతా గడిచేలా ఉంది.

"నడిమధ్యన కొడతావేంది బాబూ? దాని నోరెక్కడుందో చూసుకోవద్దా?" అన్నాడు తాత.

ఆయన ముందు మొద్దు చుట్టూ తిరిగాడు. కోసిన ముఖంమీద వెంట్రుకవాసి నెర్రె ఒకటి నడుమనుంచి అంచుదాకా పాకి ఉంది. దాన్ని వేలితో తడిమి, ముడి ఎటుందో చూసి, ముడి లేని వైపుకి వచ్చి నిలబడ్డాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. గొడ్డలి ఎత్తేటప్పుడు కుడిచెయ్యి తలకాయ దగ్గరుంది, దింపేటప్పుడు కామ వెంబడి జారి ఎడమచేతిని చేరుకుంది. చివరన మోకాళ్ళు కాస్త వంచాడు. బలం పెట్టినట్టే లేదు, బరువుని కిందికి వదిలాడంతే. అంచున పడ్డ దెబ్బకి నెర్రె టప్పుమని విచ్చుకుంది. పెద్ద మొద్దుని నడుమ ముట్టుకోకుండా, అంచులనుంచి చెక్కలు చెక్కలుగా తీసుకుంటూ లోపలికి వెళ్ళాడు. మొండికేసినవాటికి, ఒక వైపు మందంగా ఒక వైపు పలచగా ఉండే ఇనప ముక్కని నెర్రెలో నిలబెట్టి సమ్మెటతో దించాడు.

సరుగుడైతే ఈ బాధంతా లేదు. నిట్టనిలువునా విచ్చుకుంటుంది, పచ్చిగా ఉన్నా మండుతుంది. మా తీరంలో ఇసుక నేలల్లో అవే తోటలు. చింత అలాంటి సాధువు కాదు. చింత చచ్చినా పులుపు చావదన్నది కాయని చూసి అన్నారో, కట్టెని చూసి అన్నారో ఆరోజు నాకు అనుమానం వచ్చింది.

చీల్చినవి చావడి కింద గాలాడేలా పేర్చాం. బెరడు పైకా కిందికా అని నేను అడగలేదు, అడిగితే అరుగు మళ్ళీ నిండుతుంది. తేమ ఇరవై శాతానికి లోపు దిగితేగాని కట్టె బాగా మండదని, దానికి మీటరు దొరుకుతుందని బావమరిది అన్నాడు. తాత రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. దబ్బుమంది. "ఇంకా ఎండాల. ఖంగుమన్నప్పుడు పొయ్యిలో పెట్టుకో" అన్నాడు. మీటరు కొనడం మానేశాం.

ఇంతకీ ఈ కట్టెలు ఎవరికి? మా అమ్మకైతే అక్కర్లేదు. 1999లో దీపం పథకం వచ్చి ఊళ్ళో గ్యాసు బండలు దిగేదాకా ఊదుగొట్టంతో పొయ్యి ఊది ఊది కళ్ళు పోగొట్టుకున్న తరం ఆవిడది. కట్టెల పొయ్యి అంటే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. ఆవిడ మనవలు మాత్రం హైవే మీద "కట్టెల పొయ్యి పులావు" అని బోర్డు కనిపిస్తే కారు ఆపి, మామూలు పులావుకంటే ఎక్కువ డబ్బిచ్చి తింటారు. ఆ పొగకి ఇంత రేటుందని తెలిస్తే అప్పట్లో దాచుకునేదాన్ని కదరా అంటుంది అమ్మ. చివరికి మా చింతకట్టెలు ఎండాక పెళ్ళివారి గాడిపొయ్యికి పోయాయి. వంటమేస్త్రి వాటిని ఖంగుమనిపించి చూసుకునే తీసుకున్నాడు.

మిగిలింది ఒక్క మొద్దు. మాను రెండుగా చీలేచోటిది. అక్కడ నార జడలో పాయల్లా అల్లుకుపోయి ఉంటుంది. బావమరిది గొడ్డలి కామ దానిమీదే విరిగింది. తాత చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికి నోరు లేదు" అని గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఏం చెయ్యాలా అనుకుంటుంటే మాంసం కొట్టాయన కబురు విని వచ్చాడు. కత్తి ఎన్ని దెబ్బలు వేసినా పేడు లేవనిది చింతమొద్దేనని, మాంసం కొట్టేవాళ్ళంతా దానికోసమే వెతుక్కుంటారని చెప్పాడు. చీలకపోవడమే దాని ధర అన్నమాట. పైనా కిందా చదునుగా కోసిమ్మంటే బావమరిదికి ప్రాణం లేచొచ్చింది, పరుగెత్తి మిషను తెచ్చాడు. మొద్దుకి డబ్బొద్దు, ఆదివారం మాంసం రేటులో ఏమైనా చూడవయ్యా అన్నాను. మొద్దుకే డబ్బిస్తానన్నాడు.

మీ పెరట్లో చెట్టేదైనా పడితే కబురు పెట్టండి, మా బావమరిది వస్తాడు. మిషనుకి అద్దె లేదు, భోజనం పెడితే చాలు. ఆ భోజనాల దగ్గర నెలలు నిండినవాళ్ళని మాత్రం కూర్చోబెట్టకండి. చెట్టులో మేకులున్నాయేమో ముందే కనుక్కోండి. చీల్చడానికి మనిషిని మాత్రం మీరే చూసుకోవాలి.