వెనుకసీటు వేదాంతము

మోటారుసైకిలు నడుపు విద్య నాకు పట్టుబడలేదు. కనుకనే దానిమీదనుండి పడు విద్యయందు నాకు గల పాండిత్యము నిష్పాక్షికమైనదని చెప్పుకొనగలను. ముందు కూర్చున్నవాడు పడునప్పుడు హ్యాండిలు, క్లచ్చు, బ్రేకు, పరువు అను నాలుగింటిని ఒక్కమారే కాపాడుకొనవలసి యుండుటచే తన పతనమును తాను సరిగా చూడజాలడు. వెనుక కూర్చున్నవానికి ఆ తొందర లేదు. ఉపనిషత్తులో ఒకే చెట్టుమీద వ్రాలిన రెండు పక్షులలో పండు తినక ఊరక చూచుచుండు పక్షి వీడే. కాకున్న, చెట్టు కూలినప్పుడు ఎగిరిపోవుటకు వీనికి రెక్కలు లేవు.

తిరుపతిలో తెలుగు పండితుడనుగా నేను గడపిన కాలమంతయు మా పాఠశాల లెక్కల మేష్టారి బుల్లెట్టు వెనుకనే గడచినది. అది మద్రాసు దాపున తిరువొత్తియూరులో పుట్టిన పాతకాలపు బండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆయన తమ్మునిదో, మైసూరున తయారైన జావా. దానికి గేరు ఎడమప్రక్క, బ్రేకు కుడిప్రక్క, అది చాలదన్నట్లు కిక్కు కొట్టు కడ్డీయే మడిచినచో గేరు కడ్డీ యగును. ఒక సంక్రాంతికి అన్నదమ్ములు ముచ్చటపడి బండ్లు మార్చుకొనిరి. చంద్రగిరి దారిలో కుక్క యొకటి అడ్డము రాగా, మేష్టారి యెడమపాదము ఏండ్లతరబడి చేసిన అభ్యాసమును విడువలేక బ్రేకనుకొని గేరును తొక్కెను. ఆగవలసిన బండి ఆగక ఒక్క కుదుపు కుదిపి మమ్మిద్దరిని తుమ్మచెట్టు క్రింద దింపినది. కుక్క మాత్రము సులభముగా తప్పుకొన్నది. దానికి కాళ్లు నాలుగైనను గేర్లు లేవు. తరువాతి కాలమున మేష్టారు కొన్న బజాజ్ చేతక్కునకు ఇంజను కుడివైపున వ్రేలాడుచుండెడిది గనుక అది పడదలచినప్పుడు ఏ దిక్కున పడునో ముందుగనే ఊహింపవచ్చును. ఇంతటి నిజాయితీ మరి యే వాహనమునందును నేనెరుగను.

మా ప్రాంతము పేరు వినగానే పొరుగూరివారు, "కొండదారిలో ఎన్నిమార్లు పడితిరి?" అని అడుగుదురు. ఒక్కమారును పడలేదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాతో వేసిన మొదటి ఘాటురోడ్డు 1944లో తెరువబడినది. ఎక్కుటకు రెండవ దారి 1970ల నడుమ ఏర్పడిన పిదప ఆ పాతదారి దిగువారిపాలైనది. దాని మలుపులలో కొన్ని ఎంత ముడుచుకొని యుండునన, పోవుచున్న బండి వచ్చుచున్నట్లును, వచ్చుచున్నది పోవుచున్నట్లును తోచును. అయినను అచ్చట మేష్టారు రెండవ గేరు విడువరు, గోవిందనామము విడువరు. నేను ఆయన నడుము విడువను. తిరుమలనుండి దిగు కార్లు 40 నిమిషములకు ముందే అలిపిరి చేరినచో అపరాధము చెల్లింపవలెనని దేవస్థానమువారి కట్టడి. మమ్ము హారనుతో అదరించి దాటిపోయిన కారు చివరి మలుపుకడ నిలిచియుండగా, అందలి యువకులు సంపాదించిన కాలమును ఖర్చుచేయు ఉపాయము తోచక పిట్టగోడపై కూర్చుండి శనగలు నమలుచుండగా, మా వాహనము డుబుడుబుమనుచు వారి ముందునుండి పోవుటలో గల ఆనందమును నేను ఏ కావ్యమునందును చదివి యుండలేదు. ఈ దారిలో నేను చూచిన గండమొక్కటే: ఎక్కునప్పుడు బిగువుగా కుదిరిన హెల్మెట్టు, తలనీలాలిచ్చి చందనము పూసుకొని దిగునప్పుడు వదులై, మలుపు కుడికి తిరిగినచో తాను ఎడమకు తిరుగును.

భాకరాపేట కనుమ, మొగిలి కనుమ కూడ మేష్టారికి కొట్టినపిండియే. అట్టివారు చేయి విరుగగొట్టుకొన్నది తమ యింటి ముందర, నడకకంటె నెమ్మదిగా పోవుచు, ఎదురింటివారు మేడకట్టుటకు పోసిన ఇసుకలో, ధర్మపత్ని గుమ్మమున నిలిచి చూచుచుండగా. నేను ఆయనపై పడుటచే నాకు దెబ్బ తగులలేదు. వెనుకసీటు వలని లాభములలో ఇది ముఖ్యమైనది.

ఎముక విరిగిన మాట వినబడగానే చిత్తూరు సీమలో నోటికి వచ్చు పేరు పుత్తూరు. అచ్చట ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డపీలికలు చేర్చి కట్టు కట్టు విద్య తరతరములుగా సాగుచున్నది. మేష్టారితో నేనును పోయితిని. కట్టుకొరకు వేచియున్న ఆ సభవంటి సభను నేను విద్వత్పరిషత్తులలోను చూడలేదు. ప్రతివక్తకును ఒక అవయవము సాక్ష్యముగా నుండెను. ఒకరైతు తన ఊరివారు రోడ్డున పరచిన ఉలవకట్టెపై జారెను. పోవు బండ్లచే ఉలవలు నూర్పించుకొనుట మా సీమలో అనాదియైన మితవ్యయము. తన పంట పరచిన దినమున ఆ రైతే వచ్చిపోవు వాహనములను చేతులూపి ఉలవలమీదికి మళ్లించువాడట. దామలచెరువు మామిడిమండీకి పోవుచు తోతాపురి తొక్కపై జారినవారొకరు. మదనపల్లె దారిలో టమోటాలపై జారిన యువకుడు, "కిలో రూపాయి ఉన్నప్పుడు కాబట్టి పడినాను సార్, నూరుంటే రోడ్డుమీద ఒక్క కాయన్నా మిగిలుండునా?" అని తన దురదృష్టమునకు అర్థశాస్త్రరీత్యా కారణము చెప్పెను.

ఒకరినొకరు గుద్దుకొన్న ఇద్దరు ఒకే బల్లపై కూర్చుండి, తప్పు నీదన నీదని కలహించుచుండిరి. ఇరువురును బండి కొన్ననాడు కాణిపాకము తీసికొనిపోయి, చక్రముల క్రింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చినవారే. పెద్దాయన యొకడు విసిగి, "సరే, ఇద్దరూ కాణిపాకంలో ప్రమాణం చేస్తారా?" అనెను. ఆ వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణములకు పేరుపడిన దేవుడు. ఇరువురును ఒక్కక్షణము నేలచూపు చూచి, తప్పంతయు నడుమ వచ్చిన ఎనుముదని ఏకగ్రీవముగా తీర్మానించిరి. ఎనుమును ఎవరును ప్రమాణమడుగరు గదా.

మధ్యాహ్నము దాక విన్నాను. కనుమలో పడినవాడు ఆ సభలో ఒక్కడును లేడు. అందరును చదునైన నేలమీద, తెలిసిన దారిలో, ఇల్లు కనబడుచుండగా పడినవారే. మేష్టారు దీనిని లెక్కలశాస్త్రమున నిరూపింపబోయిరి గాని, అంతలో వారి వంతు వచ్చి, వైద్యుడు చేయి సవరింపగా వెలువడిన కేకలో ఆ సిద్ధాంతము అంతరించెను.

మేష్టారిని వారి బావమరది కారులో ఎక్కించుకొనెను. తక్కిన చోటు దిండ్లు ఆక్రమించుటచే నాకు బస్సే గతియయ్యెను. రోడ్డుకు వచ్చునప్పటికి, మేష్టారితోకూడ కట్టు కట్టించుకొన్న పాలవాడు ఎడమచేతిని మెడకు వ్రేలాడగట్టుకొని, ఒంటిచేత తన టి.వి.యస్. ఫిఫ్టీని స్టాండు దింపుచుండెను.

"అదేమయ్యా, ఒక్కచేత ఎట్లు నడుపుదువు?" అని అడిగితిని.

"దీనికి క్లచ్చు లేదు, గేర్లు లేవు అయ్యోరా. ఎడం చేతికుండేది ఎనక బ్రేకొకటే. అది పడక ఆర్నెల్లాయ. రాండి, బస్టాండు కాడ దింపేస్తాను."

పాలక్యాను ఒడిలో పెట్టుకొని వెనుక కూర్చుంటిని.