తూకం వేసే పెద్దలకు చాట్రాయి నుంచి ఒక స్తుతి

ఆటగాళ్లను ఎంచే పెద్దలారా! సెలెక్టర్లు, స్కౌట్లు, వేలంపాటలో జట్ల తరఫున బల్లల ముందు కూర్చునేవాళ్లు, మీ అందరికీ కలిపి ఈ స్తుతి. మా కృష్ణా సీమలోనే కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును నిలదీస్తూ ఆంధ్రనాయక శతకం చెప్పాడు. ఆయన నిందలో భక్తి ఉంది. నా స్తుతిలో బాధ ఉంది. అయినా ఇందులో ఒక్క పొగడ్త కూడా అబద్ధం కాదు. నేను చెప్పబోయే గుణాలన్నీ మీలో నిజంగానే ఉన్నాయి.

ముందుగా మీ చూపును పొగడాలి. ఒక కుర్రాడికి రెండు విద్యలు వస్తే ఆ రెంటినీ వేరుచేసి, దేనికి దాన్ని కొలవగల చూపు మీది. మామూలు ప్రేక్షకుడికి అది చేతకాదు. వాడికి ఒకే మనిషి కనపడతాడు. మీకు ఇద్దరు కనపడతారు, ఇద్దరూ సగం సగమే.

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. జట్టు దాడి అంతా వాడి చేతిమీదుగానే మొదలవుతుంది. బంతిని అందుకుని, ముందుకు దూసుకుపోతున్న సహచరుడికి విసరడం వాడి పని. కొందరు మాత్రం విసరనూ గలరు, విసరకుండా బంతి చంకన పెట్టుకుని తామే ఉరకనూ గలరు. డల్లాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఓపిగ్గా చెప్పబట్టి ఈ ఆట నాకు పట్టుబడింది. లామార్ జాక్సన్ అలాంటి రెండు విద్యల వాడు. లూయివిల్ విశ్వవిద్యాలయానికి ఆడుతూ 2016లో విసిరి 30 టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించి చేసే స్కోర్లు), పరిగెత్తి 21 టచ్‌డౌన్లు సాధించాడు. కాలేజీ ఆటలో అన్నిటికన్నా పెద్ద గౌరవమైన హైస్మన్ ట్రోఫీ 19 ఏళ్లకే అందుకున్నాడు. అంత చిన్న వయసులో అది దక్కినవాడు అంతకుముందు ఎవరూ లేరు.

వృత్తి ఆటలోకి వెళ్లాలంటే అక్కడ డ్రాఫ్ట్ అనే ఏర్పాటు ఉంది. కిందటేడు బాగా ఓడిన జట్టు ముందుగా, బాగా గెలిచిన జట్టు చివరగా, వరసలో ఒక్కొక్క కుర్రాణ్ణి ఎంచుకుంటాయి. దానికి ముందు ఇండియానాపోలిస్‌లో కొలతల పరీక్ష పెడతారు. ఎత్తు, బరువు, అరచేతి వెడల్పు, 40 గజాల పరుగుకు పట్టిన కాలం, అన్నీ రాసుకుంటారు. 2018లో జాక్సన్‌ను చూసి మీలో కొందరు అడిగిన ప్రశ్న ఒకటే: ఇంత వేగం ఉన్నవాడు విసరడం ఎందుకు, బంతి అందుకునే రిసీవర్‌గా మారిపోతే పోలేదా? ఆ మాట అన్నవాళ్లలో బిల్ పోలియన్ ఉన్నాడు. ఆయన ఊరూ పేరూ లేనివాడు కాదు. మూడు జట్లను నిలబెట్టి, ఆ ఆట గౌరవ మందిరంలో స్థానం పొందినవాడు. జాక్సన్ మాత్రం 40 గజాల పరుగు పరీక్షకే దిగలేదు. తాను క్వార్టర్‌బ్యాక్‌నని చెప్పి విసరడం మాత్రమే చూపించాడు. అతని కన్నా ముందు నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లను ఎంచుకున్నారు. బాల్టిమోర్ రేవెన్స్ కూడా తమ మొదటి అవకాశాన్ని 25వ స్థానంలో వేరే ఆటగాడికి ఇచ్చేసి, తర్వాత ఇంకో జట్టుతో బేరమాడి 32వ స్థానం సంపాదించి, తొలి రౌండు చిట్టచివర అతన్ని తీసుకుంది. 2019లో అతను విసిరిన టచ్‌డౌన్లు 36. పరిగెత్తినవి 1,206 గజాలు, ఒక్క సీజనులో ఏ క్వార్టర్‌బ్యాకూ అంతవరకూ అంత పరిగెత్తలేదు. ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడి ఓటింగులో ఒక్క ఓటూ పక్కకు పోలేదు. 2023లో ఆ గౌరవం మళ్లీ దక్కింది. ముందు ఎంచిన నలుగురిలో ఒకడైన జాష్ రోజెన్‌ను అతని జట్టు ఒక్క సీజను కాగానే వదిలించుకుంది.

తాను పొరబడ్డానని పోలియన్ ఆ తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నాడు. అది పెద్దమనిషితనం, దానికి చేతులెత్తి దండం పెడతాను. మీలో ఎంతమంది అంత మాట అనగలిగారు?

మీ కొలతల్లో తప్పుందని నేను అనను. విసురుకు మీరు వేసిన మార్కులు సరైనవే. పరుగుకు వేసినవీ సరైనవే. జాక్సన్ బంతి పట్టుకుని పక్కకు ఒక్క అడుగు వేశాడనుకోండి. అంచున కాపు కాసేవాడు మీద పడబోతే బంతి వాడి తల మీదుగా వెళ్లిపోతుంది, వెనక్కి తగ్గితే జాక్సనే ఉరుకుతాడు. ఎటూ తేల్చుకోలేక వాడు క్షణకాలం కాళ్లీడుస్తాడే, ఆ తటపటాయింపు విసురు వల్ల పుట్టింది కాదు, పరుగు వల్ల పుట్టిందీ కాదు. రెండూ ఒకే ఒంట్లో ఉన్నందువల్ల పుట్టింది. ఆట గెలిచేది అక్కడే. మీ కాగితం మీద దానికి గడి లేదు.

మీ జ్ఞాపకశక్తి కూడా గొప్పదే. జాక్సన్‌లాంటి నల్లజాతి కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా నిలబడితే ‘పరిగెత్తు, విసరొద్దు’ అని చెప్పే అలవాటు 2018లో పుట్టింది కాదు. 1978 డ్రాఫ్ట్‌లో వారెన్ మూన్‌ను ఒక్క జట్టూ ఎంచుకోలేదు. అతను విసరడమే వచ్చినవాడు, అయినా అంతే. కెనడాకు వెళ్లి ఎడ్మంటన్ జట్టుకు అక్కడి పెద్ద కప్పైన గ్రే కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిపించాక గానీ స్వదేశంలో తలుపు తెరుచుకోలేదు. 2006లో గౌరవ మందిరంలోకి అడుగుపెట్టాడు. నలభై ఏళ్లు గడిచినా ఆ పాత మాట మీకు గుర్తుంది. మూన్ మాత్రం గుర్తు రాలేదు.

ఇక మన ఇంటికి వద్దాం. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18లో పదహారేళ్లలోపు పిల్లల విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. అదే టోర్నీలో వికెట్లు కూడా తీశాడు. ఉద్యోగం ఉదయ్‌పూర్‌కు బదిలీ అయితే, కొడుకు ఆట ఆగిపోతుందని తండ్రి ముత్యాలరెడ్డి హిందుస్థాన్ జింక్‌లో కొలువే మానేశాడు. 2022 డిసెంబరులో కొచ్చిలో జరిగిన ఐపీఎల్ వేలంలో ఈ కుర్రాణ్ణి సన్‌రైజర్స్ హైదరాబాద్ 20 లక్షలకు తీసుకుంది. అది కనీస ధర. అంటే ఆ హాల్లో ఆ ఒక్క చెయ్యి తప్ప రెండో చెయ్యి లేవలేదు. ఆ ఒక్క చేతికి తెలుగువాళ్లం రుణపడి ఉన్నాం. తక్కిన చేతులు కదలకుండా కూర్చున్న నిబ్బరానికీ, డబ్బు దగ్గర మీకున్న జాగ్రత్తకూ నా నమస్కారం. 2024 ఐపీఎల్‌లో అతను 303 పరుగులు చేసి, కొత్తగా వెలుగులోకి వచ్చిన ఆటగాడిగా బహుమతి తీసుకున్నాడు. ఆ తర్వాత అదే జట్టు 6 కోట్లిచ్చి అట్టిపెట్టుకుంది.

2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఏం జరిగిందో మీరూ చూశారు. ఆస్ట్రేలియా 474. మనవాళ్లు 221కి ఏడు పోగొట్టుకున్నారు. ఎనిమిదో స్థానంలో వచ్చిన నితీశ్‌కు వాషింగ్టన్ సుందర్ తోడయ్యాడు. ఒకడు బ్యాటింగుతో పాటు పేస్ వేస్తాడు, ఇంకొకడు బ్యాటింగుతో పాటు ఆఫ్‌స్పిన్ వేస్తాడు. ‘పూర్తి బ్యాటరూ కాదు, పూర్తి బౌలరూ కాదు’ అని ఇద్దరి మీదా రాతలు ఉండనే ఉన్నాయి. ఆ ఇద్దరూ కలిసి ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు జోడించారు. నితీశ్ 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడితే, సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. మరుసటి ఓవర్లో ఫోర్‌తో నూరు పూర్తయ్యింది, 114 దగ్గర ఇన్నింగ్స్ ముగిసింది. ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం. అయినా ఎనిమిదో స్థానంలో బ్యాటు పట్టగల బౌలర్ ఉండబట్టే ఆ పోరాటం అంతదూరం వెళ్లింది. మరి ఆ 127లో ఎంత బ్యాటర్‌కు రాస్తారు, ఎంత ఆల్‌రౌండర్‌కు రాస్తారు? గడి వెయ్యగలిగితే వేసి చూపించండి.

మీ తెలివిని పొగడకపోతే పాపం. 2023 నుంచి ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ పద్ధతి తెచ్చారు. మ్యాచ్ మధ్యలో ఒకణ్ణి దించి ఇంకొకణ్ణి ఎక్కించవచ్చు. బ్యాటింగు అయిపోయాక బ్యాటర్ బయటికి, బౌలర్ లోపలికి. చూడముచ్చటగా ఉంటుంది, పరుగులు కురుస్తాయి, ఆఖరి ఓవర్ దాకా జనం లేవరు. ఒక మనిషి చేసే రెండు పనులను ఇద్దరికి పంచిపెట్టే ఉపాయం ఇంతకన్నా సులువైనది లేదు. కాకపోతే రెండూ చేయగలవాడికి అందులో రెండో పని మిగలదు. శివమ్ దూబే, వాషింగ్టన్ సుందర్‌లకు బౌలింగ్ దొరకడం లేదని, ఇది ఆల్‌రౌండర్లను వెనక్కి లాగుతుందని 2024లో రోహిత్ శర్మే చెప్పాడు. దేశానికి పేస్ వేసే ఆల్‌రౌండర్లు కరువయ్యారని ప్రతి విదేశీ పర్యటనకు ముందూ మీరే బాధపడతారు. ఆ బాధ నిజమైనదేనని నేను నమ్ముతున్నాను. అందుకే అడుగుతున్నాను: బౌలింగ్ ఇవ్వకుండా బౌలర్ ఎక్కణ్ణుంచి వస్తాడు?

మీకు పక్షపాతం లేదు. ఇది అన్నిటికన్నా పెద్ద పొగడ్త. రెండు విద్యలు ఉన్నవాడి దగ్గర ఎంత కచ్చితంగా ఉంటారో ఒక్క విద్య ఉన్నవాడి దగ్గరా అంతే. 2019 ప్రపంచకప్‌కు జట్టును ఏప్రిల్ 15న ప్రకటించారు. సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్, మన గుంటూరు జిల్లా మేడికొండూరు వాడు. పక్కనపెట్టిన అంబటి రాయుడూ గుంటూరులో పుట్టినవాడే. నాలుగో స్థానం అతనిదేనని అంతకు కొద్ది నెలల ముందు దాకా అనుకున్నారు. వన్డేల్లో అతని సగటు 47.05. అతని బదులు విజయ్ శంకర్‌ను తీసుకుని, బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ ఉన్నాయి కాబట్టి మూడు పార్శ్వాల, అంటే త్రీ డైమెన్షనల్ ఆటగాడని చెప్పారు. మర్నాడే రాయుడు త్రీడీ కళ్లద్దాలకు ఆర్డరిచ్చానని రాశాడు. దానికి దేశమంతా నవ్వింది. నాకైతే నవ్వు రాలేదు. ఆ నవ్వు విజయ్ శంకర్ మెడకు చుట్టుకుంది. పాకిస్థాన్ మీద తన తొలి బంతికే ఇమామ్ ఉల్ హక్‌ను అవుట్ చేసినవాణ్ణి కూడా జనం ఆ ఒక్క మాటతోనే గుర్తుపెట్టుకున్నారు. మూడు ఇన్నింగ్స్‌ల్లో 58 పరుగులు చేసి, కాలివేలి గాయంతో ఇంటికి వచ్చేశాడు. స్టాండ్‌బైగా ఉన్న రాయుడికి అప్పుడూ పిలుపు రాలేదు, అంతవరకూ ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌కు వచ్చింది. జులై 3న రాయుడు ఆట చాలించుకుంటున్నానన్నాడు. సరిగ్గా వారానికి సెమీఫైనల్లో న్యూజీలాండ్ మీద మొదటి ముగ్గురూ తలా ఒక్క పరుగుకే వెనక్కి వచ్చారు, 18 పరుగుల తేడాతో ఓడిపోయాం.

జాక్సన్‌కు రెండు విద్యలు ఉండటం అనుమానానికి కారణమైంది. విజయ్ శంకర్‌కు మూడు ఉండటం ఇంకొకణ్ణి తప్పించడానికి పనికొచ్చింది. రెండు చోట్లా మీరు లెక్కపెట్టింది విద్యలనే. ఆ విద్యలు మోస్తున్న మనిషి ఆ స్థానంలో, ఆ పరిస్థితిలో ఏం చేస్తాడన్నది కాదు.

మా చాట్రాయి, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు మామిడి తోటల్లో పూత చూసి కాపు కొనే వ్యాపారులున్నారు. కాయ కట్టకముందే ధర చెప్పాలి. మంచు పడితే పూత మాడుతుంది, తేనెమంచు పురుగు పడితే పిందె నిలవదు, పిందె నిలిచాక గాలివాన రావచ్చు. వాళ్లూ మీలాగే రేపటిని కొంటారు. అయితే కొనేముందు తోటంతా తిరుగుతారు, చెట్టు చెట్టునూ చూస్తారు, నిరుడు కాసిందెంతో అడుగుతారు. పందెం తప్పితే పోయేది వాళ్ల డబ్బే, చెట్టు మళ్లీ ఏడు పూస్తుంది. మీ అంచనా తప్పితే మీకు మళ్లీ ఏడు ఇంకో వేలం ఉంటుంది. పోయేది కుర్రాడి ఏడు.

ఇదంతా అమెరికాలోనో మెల్‌బోర్న్‌లోనో ఆగిపోయే సంగతి అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మీ మాట చాట్రాయి దాకా వస్తోంది. మీరంటే ఇక్కడ అంత గౌరవం. సంక్రాంతికి మా పల్లెల్లో టెన్నిస్ బంతితో ఆడే పిల్లల్లో బ్యాటర్, బౌలర్ అనే విభజన ఉండదు. పన్నెండేళ్లవాడు ఓపెనింగ్ దిగుతాడు, మొదటి ఓవరూ వేస్తాడు, కీపర్ ఇంటికెళ్తే వికెట్ల వెనక నిలబడతాడు. వాడు బాగా ఆడుతున్నాడని అప్పో సప్పో చేసి విజయవాడలో శిక్షణకు పంపుతారు. అక్కడ వాడికి మొదటిరోజే వేసే ప్రశ్న: ‘నువ్వు బ్యాటరా, బౌలరా? ఏదో ఒకటి తేల్చుకో.’ శిక్షకుణ్ణి తప్పుపట్టలేను. సెలెక్షన్ రోజున నెట్స్‌లో ఒక్కొక్కడికి దొరికేది కాసేపు. ఆ కాసేపట్లో రెండు విద్యలు చూపించబోతే రెండూ అరకొరగానే కనపడతాయి. పిల్లవాడి మేలు కోరేవాడు ఎవరైనా ఒకటి వదిలెయ్యమనే చెబుతాడు. పద్నాలుగేళ్లకు వాడు బౌలింగ్ మానేస్తాడు. ఇరవై రెండేళ్లకు మీరు వాడి కాగితం చూసి, బౌలింగ్ కూడా వచ్చి ఉంటే ఎంత బాగుండేదని అంటారు.

మీ చేతిలో అధికారం ఉంది, ఓపిక ఉంది, కొలిచే పనిముట్లు ఉన్నాయి. పదహారేళ్లలోపు పిల్లవాణ్ణి ఏదో ఒకటి తేల్చుకోమని ఏ సెలెక్షన్‌లోనూ అడగనివ్వకండి. నెట్స్‌లో కాసేపు చూసి పంపెయ్యకుండా, మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచీ ముగిసేదాకా కూర్చుని వాణ్ణి చూడండి. తన జట్టు ఏడు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు వాడు ఏం చేశాడో, మూడో మార్పు బౌలర్‌గా పాత బంతి చేతికిస్తే ఎక్కడ వేశాడో రాసుకోండి. మీ కాగితంలో బ్యాటింగ్ గడికీ బౌలింగ్ గడికీ మధ్య ఇంకో గడి గీయండి. దానికి పేరు పెట్టకపోయినా ఫర్వాలేదు, మా పిల్లల్లో ఎక్కువమంది ఉండేది ఆ గడిలోనే.