మామయ్య పదహారో ఎక్కం

మా మామయ్య దగ్గర "ఏదో రాస్తున్నాను" అనకూడదు. అన్నామా, "ఎన్ని పేజీలు?" అంటాడు. కథలా, నవలా అని అడగడు. డెమీ సైజులో ఫారానికి 16 పేజీలు కాబట్టి పుస్తకమన్నది పదహారో ఎక్కంలో ఉండి తీరాలి. 160 అయితే పది ఫారాలతో సరి. 163 అయిందా, ఆ మూడింటికీ వేరే ప్లేట్లు, వేరే కాయితం. "మీ హీరోయిన్ని మూడు పేజీల ముందే చంపెయ్యరా, పోలా?" అన్నాడోసారి. నా కథల్లో ఎవరూ చావరు మొర్రో అంటే వినడే!

బ్యాంకులో రిటైరయ్యాక ఒకే ఒక్క కవితాసంపుటి వేసిన మనిషి. చెప్పేవన్నీ నిజాలే, అదే నా బాధ. "ఐఎస్‌బీఎన్‌కి పైసా కట్టకు. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్లు ఊరికే ఇస్తారు" అంటాడు. తను మాత్రం ఎవరికో మూడు వేలు సమర్పించుకున్నాడు. "మొదట మూడొందల కాపీలు చాలు" అంటాడు, తను వేయించిన వెయ్యిలో మిగిలిన కట్టల మీద కూర్చుని. "యూనికోడ్‌లో కొట్టింది అను ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు ఊడిపోతాయి, మూడు ప్రూఫులు చూడు" అంటాడు. ఆయన పుస్తకంలో 'కృతజ్ఞతలు' కాస్తా 'కృతఘ్నతలు' అయి కూర్చుంది, దాని కిందే అత్తయ్య పేరు. అది అచ్చుతప్పంటే అత్తయ్య ఇప్పటికీ ఒప్పుకోదు.

కలకత్తా నేషనల్ లైబ్రరీకి మాత్రం కాపీ ఠంచనుగా పంపాడు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ముప్పై రోజుల్లో పంపాలిట. "వద్దనకుండా తీసుకున్నది వాళ్లొక్కళ్లేరా" అని చెబుతున్నప్పుడు ఆయన గొంతులో గర్వమో దిగులో తేలదు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి, జనవరిలో విజయవాడకి సంచీ భుజాన వేసుకుని వెళ్తాడు. ఎవరో ఒకరు అట్ట తిప్పి చూస్తే చాలు, ఆ రాత్రి నాకు ఫోనొస్తుంది.

ముందుమాటలంటే ఆయనకి మంట. "ఒక్కటే పెట్టు. నేను ఏడు పెట్టి చెడ్డాను." నిజమే, ఆ పుస్తకంలో కవిత్వం ముప్పయ్యో పేజీకి గానీ మొదలవదు.

మరి నేనేం చేశాను? నా కథలకి నాలుగు రాయించాను. పెద్దవాళ్లు, అడిగాక వద్దనలేం కదా. అయినా లెక్క తప్పలేదు, సరిగ్గా 160 వచ్చాయి. ప్రెస్సుకి వెళ్లే ముందురోజు మామయ్య ఇంటికొచ్చి, చేతిలో ఒక కవరు పెట్టాడు. అడక్కుండానే రాసిన ముందుమాట. అందులో ఆరు పేజీలు ఆయన పుస్తకం గురించే. తీసెయ్యడానికి మనసొప్పలేదు, ఎందుకంటే మిగతా రెండింటిలో నన్ను బాగానే పొగిడాడు. ఎనిమిదే అయితే అర ఫారంతో పోయేది. తొమ్మిదో పేజీలో ఇట్లు, శ్రేయోభిలాషి, సంతకం, ఫోన్ నెంబరు.

బిల్లు చూసి ఫోన్ చేశాను. "చెప్తే విన్నావా, పదహారు లెక్క చూసుకోమని?" అన్నాడు.