మూత కింది దేశం

చేతులతో మలం ఎత్తే పని వల్ల దేశంలో ఎవరూ మరణించినట్టు సమాచారం లేదని, అయితే మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను ప్రమాదకరంగా శుభ్రం చేస్తూ 1993 నుంచి 941 మంది మరణించారని 2021 వర్షాకాల సమావేశాల్లో రాజ్యసభకు అందిన సమాధానంలో చాలామందికి పొంతన కనిపించలేదు. పొంతన లేకపోవడం చదివినవారి అజ్ఞానమే తప్ప రాసినవారి లోపం కాదు. ఆ సమాధానం సిద్ధం చేసిన అధికారులకు భూగోళశాస్త్రం బాగా తెలుసు. భారతదేశపు ఎల్లలు హిమాలయాల దగ్గరా సముద్రం దగ్గరా మాత్రమే ముగియవని, ప్రతి ఇంటి ఆవరణలో సెప్టిక్ ట్యాంకు మూత దగ్గర కూడా ముగుస్తాయని, మూతకు పైనున్నది భారత భూభాగం కాగా కిందున్నది పూర్తిగా వేరొక దేశమని వారు గ్రహించారు. పరాయి గడ్డ మీద జరిగిన మరణాలను ఏ ప్రభుత్వమూ తన పద్దులో రాసుకోదు కదా.

ఈ దేశాన్ని కనిపెట్టిన ఘనత మాత్రం ప్రభుత్వానికి దక్కదు. దానిని స్థాపించి, దశాబ్దాలుగా పోషిస్తూ వస్తున్నవారు సొంత ఇల్లు కట్టుకున్న గృహస్థులు. ఏ భూభాగమైనా దేశం అనిపించుకోవాలంటే దానికి నేల, ప్రజలు, ప్రభుత్వం, సార్వభౌమాధికారం, అంటే పైవాడి మాట వినవలసిన అవసరం లేని స్థితి, ఉండాలని రాజనీతిశాస్త్రం చెబుతుంది. ఈ లక్షణాలన్నీ సెప్టిక్ ట్యాంకులో ఎంత చక్కగా కుదిరాయో పరిశీలించదగిన విషయం.

మొదట నేల సంగతి. ఈ దేశపు సరిహద్దులు గీసేది సర్వేయరు కాదు, ఇంజనీరు అంతకన్నా కాదు, వాస్తు సిద్ధాంతి. ఈశాన్యంలో నీరుండాలి గనుక అక్కడ మురుగు పనికిరాదని, నైరుతిలో గొయ్యి తవ్వితే యజమానికి అరిష్టమని, కాబట్టి వాయవ్యమే శరణ్యమని ఆయన తేల్చి చెబుతాడు, యజమాని తల ఊపుతాడు. ఒక్క ఇల్లే ఉన్నచోట దీనివల్ల నష్టమేమీ లేదు. కానీ లేఅవుట్‌లో అందరూ శాస్త్రం పాటించేవారే అయినప్పుడు సిద్ధాంతి లెక్కలో లేని చిన్న రేఖాగణితం అడ్డొస్తుంది. ఒక ఇంటి ఈశాన్య మూల, దానికి తూర్పున ఆనుకుని ఉన్న ఇంటి వాయవ్య మూల ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. అంటే శాస్త్రోక్తంగా ఈశాన్యంలో వేయించుకున్న బోరుకు గోడ అవతలే, అంతే శాస్త్రోక్తంగా, తూర్పింటివారి సెప్టిక్ ట్యాంకు వెలుస్తుంది. వారి బోరు పక్కన వారి తూర్పింటివారిది వెలుస్తుంది. ఈ వరస వీధి చివరి వరకూ సాగుతుంది. ట్యాంకు నుంచి బయటికి వచ్చే నీటిని నేలలోకి పంపే గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. 18 మీటర్లంటే దాదాపు 60 అడుగులు. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉండే 200 గజాల స్థలంలో ఆ దూరాన్ని కొలవాలంటే టేపు పక్కింటి హాల్లోకి వెళ్లాలి. ఫలితంగా ఒక దేశపు జలాలు మరో దేశంలోకి పాస్‌పోర్టు లేకుండా ప్రవేశిస్తాయి. ఈ చొరబాటు మీద మాత్రం ఇంతవరకు ఎవరూ ఆవేశపడలేదు.

ఈ దేశానికి రాజ్యాంగమూ ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఐఎస్ 2470 అనే ఆ గ్రంథాన్ని చదివిన మేస్త్రీ ఎక్కడైనా ఉంటే అతనికి సన్మానం చేయవలసిందే. అయిదుగురు వాడే ఇంటికి సుమారు మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు ఉన్న ట్యాంకు చాలునని అందులో ఉంది. షరతల్లా ఏడాదికో రెండేళ్లకో అడుగున చేరిన మడ్డిని తోడించాలన్నదే. తెలుగు గృహస్థుకు మొదటి మాట చిన్నతనంగానూ రెండో మాట అనవసరపు ఖర్చుగానూ తోస్తుంది. కట్టేదేదో ఒక్కసారే గట్టిగా కడితే మనవళ్ల కాలం దాకా మూత తెరవనక్కర లేదన్న దూరదృష్టితో అతను లారీ పట్టేంత గొయ్యి తవ్విస్తాడు. అడుగున కాంక్రీటు వేయకుండా వదిలేస్తే నీరు నేలలోకి దిగిపోయి ఎప్పటికీ నిండదని మేస్త్రీ చెవిలో చెబుతాడు, సిమెంటు కూడా మిగులుతుంది. ఊళ్లలో సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించి, దానినే సెప్టిక్ ట్యాంకు అని పిలుచుకునే ఆచారమూ ఉంది. ఇరవై ఏళ్లయినా ట్యాంకు నిండలేదన్న మాటను పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పుకోరు గానీ ఇల్లు అమ్మేటప్పుడు తప్పకుండా చెబుతారు. సక్రమంగా కట్టిన ట్యాంకు వాడుక మొదలైన కొద్ది రోజులకే నిండుతుంది, ఆ తరువాత ఎల్లప్పుడూ నిండుగానే ఉంటుంది, ఎందుకంటే లోపలికి ఎంత నీరు వస్తే అంత నీరు రెండో గొట్టం గుండా బయటికి పోవడమే దాని పని. ఇరవై ఏళ్లుగా నిండని ట్యాంకు ట్యాంకు కాదు, భూగర్భ జలాల్లోకి వేసిన పైపు.

ఇక ప్రజలు. గాలి అక్కరలేకుండా బతికే సూక్ష్మజీవులు ఈ దేశపు పౌరులు. వీటిని అవాయు జీవులంటారు. ఇంటి నుంచి వచ్చిన మురుగు ఒకటి రెండు రోజులు కదలకుండా నిలిస్తే బరువైనది మడ్డిగా అడుక్కి దిగుతుంది, నూనె వంటి తేలికైనది తెట్టుగా పైకి తేలుతుంది, నడుమ కొంత తేటనీరు మిగులుతుంది. ఆ తేటనీరు మాత్రమే బయటికి పోయేటట్టు గొట్టాన్ని ఆంగ్ల అక్షరం టీ ఆకారంలో బిగించి, ట్యాంకును అడ్డుగోడతో రెండు గదులు చేసి, మొదటి గదికి మూడింట రెండు వంతుల చోటు ఇవ్వాలి. మడ్డిని కొంతవరకు జీర్ణించుకునేది ఈ పౌరులే. తోడించినప్పుడు కూడా మడ్డిని పూర్తిగా ఊడ్చేయకుండా, పాలకు తోడు పెట్టేటందుకు పెరుగు మిగిల్చినట్టు, కొద్దిగా వదలాలి. ఇంత కష్టపడే జాతి మీద గృహస్థు ప్రతి ఆదివారం యాసిడ్‌తోనూ ఫినాయిల్‌తోనూ దాడి చేస్తాడు. ఆ తరువాత ట్యాంకు వాసన వస్తోందని బాధపడి, చచ్చిన పౌరుల స్థానంలో కొత్త పౌరులను వలస రప్పించడానికి బజారులో ఏదో పొడి కొంటాడు. దిగుమతుల జాబితాలో డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, వేపుళ్లు చేయగా మిగిలిన నూనె ఉంటాయి. వీటిని అరిగించుకునే శక్తి ఆ జాతికి లేదు. రెండు దేశాల పౌరసత్వమూ అనుభవిస్తున్నది బొద్దింక ఒక్కటే.

సరిహద్దు భద్రత విషయంలో ఈ దేశం ఎవరికీ తీసిపోదు. మూత అనేది తెరవడానికి ఉంటుందన్న భావన నాగరికుల ఇళ్లలో ఎప్పుడో అంతరించింది. పోర్టికోలో టైల్స్ వేయించే రోజున నడుమ సిమెంటు మూత వికారంగా కనబడుతుందని దాని మీద కూడా టైల్స్ పరుస్తారు, లేదా గ్రానైటు పరిచి దాని మీద కారు నిలుపుతారు. మూడేళ్లు గడిచేసరికి మూత ఏ టైలు కింద ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిసిన మేస్త్రీ వేరే ఊళ్లో ఉంటాడు. లోపల పుట్టే వాయువులు బయటికి పోవడానికి నిలబెట్టిన గాలి గొట్టం ఆ దేశపు ధ్వజస్తంభం. పై అంతస్తు వేసినప్పుడు వాసన పడకగదిలోకి వస్తోందని దానిని పెంచడానికి బదులు ప్లాస్టిక్ సంచీ చుట్టి తాడుతో కట్టేస్తారు. ఆ విధంగా దౌత్య సంబంధాలు పూర్తిగా తెగిపోతాయి.

అవి మళ్లీ మొదలయ్యేది ఒకే ఒక్క సందర్భంలో. పండక్కి చుట్టాలు దిగిన రోజున, ఇంట్లో అందరికన్నా పెద్దాయన లోపలుండగా, వెళ్లవలసిన నీరు వెనక్కి వస్తుంది. ఇది పొరుగు దేశం పంపిన నిరసన పత్రం. అప్పుడు కరెంటు స్తంభం మీద ఎర్ర రంగుతో రాసి ఉన్న నంబరుకు ఫోను వెళ్తుంది, బండి వస్తుంది, గ్రానైటు పగులుతుంది, మోటారు గంటసేపు నీటిని లాగుతుంది. రెండేళ్లకోసారి తోడి ఉంటే పని అక్కడితో ముగిసేది. ఇరవై ఏళ్ల మడ్డి మాత్రం గట్టిపడి గొట్టానికి ఎక్కదు. బండి మనిషి లోపలికి తొంగి చూసి, "అడుగు రాయైపోయింది సార్, మనిషి దిగితే తప్ప రాదు" అంటాడు. యజమాని, "ఎవరో ఒకరిని చూడవయ్యా, ఇంకో అయిదొందలు ఇస్తాలే" అంటాడు.

ఇక్కడ వీసా ప్రస్తావన వస్తుంది. ఈ దేశానికి వెళ్లడానికి దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు, లాటరీ లేదు. దీని కోసం చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసినవారెవరూ కనబడరు. ఇంటి యజమానికి ఈ వీసా రాదు, సెప్టిక్ ట్యాంకు మీద పరిశోధన చేసి పట్టా పొందిన అతని కొడుక్కీ రాదు. ఇది కొన్ని కులాల్లో పుట్టినవారికి మాత్రమే పుట్టుకతో వస్తుంది, తండ్రి పోయిన తరువాత కొడుకుకు సంక్రమిస్తుంది. ఈ వీసాకు తిరుగు టికెట్ ఉండాలన్న నిబంధన లేదు. మూత కింద హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, ఎక్కువైనప్పుడు ముక్కు పసిగట్టే శక్తినే చంపేస్తుంది, కాబట్టి వాసన పోయింది గనుక దిగవచ్చునని అనుకున్నవాడు సరిగ్గా దిగకూడని క్షణంలో దిగుతాడు. దీపం దించి చూడడమూ తెలివి కాదు, పక్కనే మండే స్వభావం గల మీథేన్ ఉంటుంది. మొదటివాడు పలకకపోతే అతన్ని లాగడానికి రెండోవాడు దిగుతాడు. వార్తల్లో ఈ మరణాలు చాలాసార్లు ఇద్దరు, ముగ్గురుగా కనబడడానికి కారణం అదే. రెండోవాడు తరచుగా మొదటివాడి తమ్ముడో బావమరిదో అయి ఉంటాడు.

ఈ భూగోళశాస్త్రాన్ని ఇక్కడితో కట్టిపెట్టవచ్చు. మూత కింద ఏ దేశమూ లేదు. అక్కడున్నది ఇంటి యజమాని పేర రిజిస్టరైన నేల, మున్సిపాలిటీ ప్లాను పాసు చేసిన కట్టడం, భారత చట్టం పూర్తిగా వర్తించే అయిదడుగుల గొయ్యి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరమని, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టంలోని 7వ సెక్షన్ చెబుతోంది. స్థానిక సంస్థలనూ గుత్తేదారులనూ మాత్రమే కాదు, ఏ వ్యక్తినీ అది మినహాయించలేదు. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళన్ పేరిట తోటివారితో కలిసి 2003లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 1993 నుంచి మురుగులో మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షల రూపాయలు చెల్లించాలని ఆ కోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ డబ్బు కోసం చనిపోయినవాడు ఆ గుంతలోనే చనిపోయాడని, ఆ పని మీదే దిగాడని రుజువు చేసుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగేది అతని భార్య. ఆమెకు 2021లో పార్లమెంటు ఎగువ సభ నుంచి అందిన కబురు ఏమిటంటే, ఆమె భర్త చావు ఒక గడిలో కాక మరో గడిలో నమోదైంది, అందువల్ల మొదటి గడి సున్నాగా, చూడముచ్చటగా ఉంది.

941 మందిని ఒక వరుస నుంచి తీసి పక్క వరుసలో పేర్చి, ఖాళీ అయిన వరుసను చూపించి గర్వపడడం సిగ్గుమాలిన పని. దానిని తప్పు పట్టే అర్హత కూడా చాలా ఇళ్లకు లేదు. ట్యాంకు అడుగు వదిలేసి కట్టినవాడు, మూత మీద గ్రానైటు పరిచినవాడు, రెండేళ్లకోసారి అయ్యే బండి ఖర్చు ఇరవై ఏళ్లు మిగుల్చుకున్నవాడు, చివరికి "ఎవరో ఒకరిని చూడవయ్యా" అన్నవాడు ప్రభుత్వంలో లేడు, హాల్లో కూర్చుని ఈ పత్రిక చదువుతున్నాడు. మడ్డిని నీటి ఒత్తిడితో కరిగించే చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017లోనే దళిత పారిశ్రామికుల ద్వారా సందుల్లో తిప్పించింది, కాబట్టి యంత్రం లేదన్న సాకు కూడా చెల్లదు.

ఈ ఆదివారం యాసిడ్ సీసా పక్కన పెట్టి, ట్యాంకు మూత ఎక్కడుందో వెతకండి. దాని మీది టైలు తీయించండి, గాలి గొట్టానికి కట్టిన సంచీ విప్పించండి, చివరిసారి తోడించి రెండేళ్లు దాటితే బండిని పిలవండి. మూత తెరిచినప్పుడు ఎవరూ వంగి చూడకూడదు, దగ్గర నిప్పు ఉండకూడదు. అడుగు గట్టిపడిందని, మనిషి దిగాల్సిందేనని ఎవరైనా అంటే నీళ్లు కొట్టించి మళ్లీ లాగించండి. అప్పటికీ రాకపోతే మూత మూసి, జెట్టింగ్ యంత్రం ఉన్నవాడిని వెతకండి.